జనాభా లెక్కల పుస్తకాలతో వంశం వెదకడం: నెల్లూరు, ప్రకాశం వైపు నా అనుభవం

అమెరికాలో స్థిరపడ్డ బంధువులు అక్కడి 1950 నాటి జనాభా లెక్కల కాగితం కంప్యూటర్లో తెరిచి చూపిస్తారు. ఇంటి యజమాని పేరు, భార్య పేరు, పిల్లల వయసులు అన్నీ అందులో ఉంటాయి. మన ముత్తాతల కాగితం కూడా ఎక్కడో ఉంటుంది కదా అని అడుగుతారు. ఉండదు. అక్కడ 72 ఏళ్లు నిండగానే ఇంటింటి కాగితాలు బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. ఇంగ్లండులో గడువు 100 ఏళ్లు. 1921వి 2022 జనవరిలో తెరిచారు. మన దేశంలో అలాంటి గడువే లేదు. 1948 నాటి సెన్సస్ చట్టం 15వ సెక్షను ప్రకారం ఎన్యూమరేటరు రాసిన పుస్తకాన్ని గానీ రిజిస్టరును గానీ చూసే హక్కు ఎవరికీ లేదు, సివిల్ దావాలో అది సాక్ష్యంగానూ పనికిరాదు. పైగా పట్టికలు తయారయ్యాక ఆ చీటీలను దాచిపెట్టే పద్ధతి మనకు లేదు. "మా తాత పేరున్న 1931 సెన్సస్ కాగితం ఇప్పించండి" అని సమాచార హక్కు దరఖాస్తు పెడితే కాలం వృథా.

అయినా ప్రతి వెదుకులాటా నేను జనాభా లెక్కల పుస్తకంతోనే మొదలుపెడతాను. పేర్లున్న కాగితాలు మనకు వేరే చోట్ల చాలా ఉన్నాయి. ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి) రిజిస్టర్లు, సెటిల్‌మెంటు (భూమికి శిస్తు కట్టినప్పటి) రిజిస్టర్లు, దస్తావేజుల సూచికలు, చర్చి రిజిస్టర్లు ఎన్నో. అవన్నీ ఊరి వారీగా, తాలూకా వారీగా కట్టలు కట్టి ఉంటాయి. మన ఊరు ఏ కాలంలో ఏ తాలూకా కింద ఉంది, ఏ జిల్లా కింద ఉంది, అప్పటికి ఎన్ని ఇళ్లున్నాయి అనేది తెలియకుండా రికార్డు గది గుమస్తా ముందు నిలబడితే ఏ కట్ట అడగాలో కూడా తెలియదు. ఆ సంగతి తేల్చేది జనాభా లెక్కల పుస్తకం.

ముందు రెవెన్యూ గ్రామం

ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఊరి పేరు చాలాసార్లు జనాభా లెక్కల్లో కనపడదు. కారణం ఒకటే. లెక్కలు రెవెన్యూ గ్రామం పేరు మీద వేస్తారు. మజరా గ్రామాలు, అంటే శివారు పాళేలు, కొత్తగా వెలిసిన కాలనీలు, మాలపల్లెలు, మాదిగపల్లెలు, యానాది సంఘాలు, ఇవన్నీ ఆ రెవెన్యూ గ్రామం అంకెలో కలిసిపోతాయి. గూడూరు, సూళ్లూరుపేట వైపు కండ్రిగలూ అంతే: కొన్ని విడి రెవెన్యూ గ్రామాలు, కొన్ని పక్క ఊరి శివార్లు. కాబట్టి మొదటి పని, ఆ పాళెం ఏ రెవెన్యూ గ్రామంలోదో తెలుసుకోవడం. అక్కడ ఇప్పటికీ భూమి ఉన్నవాళ్ల పట్టాదారు పాసు పుస్తకంలో గ్రామం అని రాసి ఉన్నదే రెవెన్యూ గ్రామం. మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (పొలం సాగు లెక్క) తీసినా అదే పేరు వస్తుంది. భూమి లేకపోతే వీఆర్వోని అడిగితే నోటితోనే చెప్పేస్తారు.

ఒకే పేరున్న ఊళ్లు ఈ రెండు జిల్లాల్లో లెక్కలేనన్ని. కొత్తపాలేలు, చెన్నాయపాళేలు, అగ్రహారాలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. అందుకని ఊరి పేరుతోపాటు పక్కనున్న మూడు నాలుగు ఊళ్ల పేర్లు కూడా రాసి పెట్టుకోవాలి. గ్రామాల జాబితాల్లో పక్క ఊళ్లు తరచూ దగ్గర దగ్గర నంబర్లతోనే ఉంటాయి. పొలిమేర ఊళ్ల పేర్లు కూడా సరిపోలితేనే అది మన ఊరు. లేదంటే వేరే తాలూకాలోని ఊరి రికార్డులు తెచ్చుకుని, అందులోని పేర్లను మన వంశంలో అతికించుకునే ప్రమాదం ఉంది. ఇంటిపేరు కూడా కలిస్తే ఆ తప్పు ఇక ఎన్నటికీ బయటపడదు.

ఊరు కదలకుండానే జిల్లా మారింది

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. కాబట్టి వివరంగా చెబుతాను.

1901 లెక్కల నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఊళ్లు కర్నూలు జిల్లావి. ఈ మూడు జిల్లాల ముక్కలు కలిపి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పాటైంది. 1972 డిసెంబరులో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ గీతలు మారి కందుకూరు నెల్లూరు వైపు, అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి.

దీన్ని ఒక ఊరికి వర్తింపజేస్తే ఎలా ఉంటుందో చూడండి. అద్దంకి దగ్గరి ఊరికి 1871 నుంచి 1901 వరకు నెల్లూరు జిల్లా సంపుటాలు, 1911 నుంచి 1961 వరకు గుంటూరు జిల్లావి, 1971 నుంచి 2011 వరకు ఒంగోలు లేదా ప్రకాశం జిల్లావి చూడాలి. దర్శి దగ్గరి ఊరికి 1961 దాకా నెల్లూరు చాలు. మార్కాపురం దగ్గరి ఊరికి 1961 దాకా కర్నూలు. 1971 పట్టికలను ప్రకాశం అన్న పేరుతోనే వెదికితే కొన్ని చోట్ల దొరకవు. లెక్కలు తీసిన రోజుకి ఆ జిల్లా పేరు ఒంగోలు. రెండు పేర్లతోనూ వెదకాలి.

రాష్ట్రం పేరు కూడా గుర్తుంచుకోవాలి. 1951 దాకా మన పుస్తకాలు మద్రాసు పేరు మీద, 1961 నుంచి ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉంటాయి. ఆర్కైవ్స్ విషయంలో కూడా ఇదే గీత: ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ కాగితాల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉంది.

ఒక కాగితం మీద ఎడమ పక్క లెక్కల సంవత్సరం, దాని ఎదురుగా తాలూకా లేదా మండలం, ఆ పక్కన జిల్లా, చివర రాష్ట్రం రాసుకోండి. 1871 నుంచి 2011 వరకు పదిహేను వరసలు. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాతి పనంతా సగమైనట్టే.

పుస్తకాలు, వాటిలో చూడవలసినవి

1871 నుంచి వచ్చిన సంపుటాలు చాలావరకు భారత సెన్సస్ శాఖ వెబ్‌సైటులో స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. పాత సంపుటాల్లో అంకెలు జిల్లాకీ తాలూకాకీ ఉంటాయి. కులాల పట్టికలు 1931తో ఆగిపోతాయి, అవి కూడా జిల్లా మొత్తానికే. అందులో మన ఊళ్లో మన కులం వాళ్లు ఎంతమంది అన్నది దొరకదు.

ఊరి స్థాయిలో బాగా పనికొచ్చేవి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు. ఇవి 1951 నుంచి మొదలవుతాయి. 1951 పుస్తకంలో ప్రతి ఊరికీ జనాభా, ఇళ్లు, చదువుకున్నవాళ్లు, బతుకుతెరువును బట్టి ఎనిమిది తరగతులు ఇచ్చారు. మొదటి నాలుగూ వ్యవసాయానికి చెందినవి: సొంత భూమి సేద్యం చేసేవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు, కూలీలు, సాగు చేయకుండా శిస్తు మీద బతికేవాళ్లు. వంశం వెదికేవాళ్లకి ఈ నాలుగో తరగతి చాలా ముఖ్యం. ఒక చిన్న ఊళ్లో ఆ తరగతిలో నలభై మంది ఉన్నారంటే అక్కడ ఇనాందారులో, భూస్వాములో ఉన్నారని అర్థం, అంటే ఆ ఊరికి ఇనాం కాగితాలు ఉండే అవకాశం ఎక్కువ.

1961 వాటిలో షెడ్యూల్డు కులాలు, తెగల జనాభా, తొమ్మిది రకాల పనివాళ్లు ఉంటారు. ఆ ఏటి లెక్కలతో పాటు వచ్చిన మరో సంపుటం గురించి తప్పక చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి జిల్లాకీ జాతరలు, పండుగల మీద ఒక పుస్తకం వేశారు. ఊరి వారీగా ఏ దేవుడి గుడి ఉంది, ఏ నెలలో తిరునాళ్లు, పూజారి ఎవరు, ఆ ఊళ్లో ఏయే కులాల వాళ్లు ఉంటున్నారు అన్నది అందులో రాశారు. ఊరి స్థాయిలో కులాల సంగతి అచ్చులో దొరికే చోట్లలో అది ఒకటి. ఇలవేల్పు పేరు మాత్రమే గుర్తుండి ఊరి పేరు మరిచిపోయిన కుటుంబాలకు ఆ పుస్తకం చేసే మేలు ఇంతా అంతా కాదు. ఇలవేల్పు పేరు పట్టుకుని, ఆ గుడి ఉన్న ఊళ్లను తాలూకాల వారీగా వడపోస్తే నాలుగైదు ఊళ్లకు వస్తుంది. ప్రకాశం జిల్లా వాళ్లు ఈ పుస్తకాన్ని నెల్లూరు, గుంటూరు, కర్నూలు సంపుటాల్లో చూడాలి.

స్కాన్ పుస్తకాల్లో వెదుకు పెట్టెలో ఊరి పేరు కొట్టి దొరకలేదని వదిలేయకూడదు. పాత అచ్చును కంప్యూటరు సరిగా చదవలేదు. పట్టికల్లో ఇది మరీ ఎక్కువ. ముందు విషయ సూచికలో తాలూకా పేజీ పట్టుకుని, అక్కడి నుంచి కళ్లతో వరస వరసా చూడాలి. స్పెల్లింగు ఇంకో ఇబ్బంది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు రాతలో క శబ్దానికి కె బదులు సి, ఊ శబ్దానికి రెండు ఓలు వాడేవారు. గిరి అన్నదాన్ని ఘెర్రీ అనిపించేలా రాసేవారు. గూడూరు, ఉదయగిరి, కనిగిరి పేర్లను ఆ రాతల్లో మొదటిసారి చూసినవాళ్లు గుర్తుపట్టలేరు. పాళెం నెల్లూరు వైపు ఒక రకంగా, ఒంగోలు వైపు పాలెం అని ఇంకో రకంగా రాస్తారు, ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది నాలుగు రకాలవుతుంది. ఊరి పేరులో చివరి భాగం వదిలేసి మొదటి రెండు అక్షరాల శబ్దంతో వెదకడం మేలు.

అంకెలు ఏం చెబుతాయి

ఒక ఊళ్లో 1951లో 140 ఇళ్లు, 640 మంది ఉన్నారనుకుందాం. ఇంటికి నాలుగున్నర మంది. అంత చిన్న ఊళ్లో ఒక ఇంటిపేరు వాళ్లు పది ఇళ్లకు మించి ఉండడం అరుదు. అంటే సెటిల్‌మెంటు రిజిస్టరులో ఆ ఇంటిపేరుతో కనిపించే నలుగురైదుగురు పట్టాదారులు దాదాపుగా అన్నదమ్ములో, పెదనాన్న చిన్నాన్నల బిడ్డలో అయి ఉంటారని అనుకుని ముందుకు పోవచ్చు. అదే ఊళ్లో 4,000 మంది ఉంటే ఆ ధైర్యం చేయకూడదు.

వలసల సంగతి కూడా అంకెల్లోనే తెలుస్తుంది. నెల్లూరు జిల్లా జనాభా 1871తో పోలిస్తే 1881లో తగ్గింది. మధ్యలో వచ్చింది 1876-78 కరువు. ధాత, ఈశ్వర సంవత్సరాల్లో పడింది కాబట్టి ధాత కరువు అంటారు. "ధాత కరువులో మెట్ట నుంచి డెల్టాకు దిగొచ్చాం" అని చెప్పుకునే కుటుంబాలు కావలి, కోవూరు, నెల్లూరు వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట నిజమా అని చూడటానికి రెండు తాలూకాల అంకెలు పక్కపక్కన పెట్టాలి: వదిలి వచ్చామని చెప్పే తాలూకా 1881లో బాగా తగ్గి, వచ్చిన తాలూకా అంతగా తగ్గకపోతే కథకు బలం వచ్చినట్టు. పాత ఊరి పేరు తెలియకపోయినా ఏ తాలూకా కట్టలు ముందు అడగాలో తేలుతుంది. పట్టికలో ఊరు ఉండి, జనాభా గడిలో నిర్జనం అని ఉంటే ఆ ఊరు బేచిరాక్ అయిందన్నమాట. భూమి రికార్డులు మాత్రం ఆ పేరు మీదే ఉంటాయి. మనుషుల కోసం పక్క ఊళ్లు చూడాలి.

1931 దాకా లెక్కలు ఒకే రాత్రి తేల్చేవారు. 1881లో ఫిబ్రవరి 17, 1891లో ఫిబ్రవరి 26, 1901లో మార్చి 1, 1911లో మార్చి 10, 1921లో మార్చి 18, 1931లో ఫిబ్రవరి 26. ఆ రాత్రి ఎక్కడ ఉంటే అక్కడి లెక్కే. ఉప్పుకొఠారు పనికో, కాలువ పనికో పోయినవాళ్లు సొంత ఊరి అంకెలో ఉండరు. చిన్న ఊరి జనాభా ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గితే దాన్ని వలసగా లెక్కగట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పేర్లున్న కాగితాలు

మన వైపు అన్నిటికంటే లోతుగా పోయేది ఇనాం ఫేర్ రిజిస్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషను 1858లో మొదలై ప్రతి ఇనాం మీదా విచారణ చేసి నమోదు చేసింది. ఇనాం ఎవరు ఇచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, పాత రిజిస్టర్లలో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసు, పాత అనుభవదారుకి అతను ఏమవుతాడు, ఇవన్నీ ఒకే వరసలో ఉంటాయి. అదృష్టం బాగుంటే 1860ల నాటి మనిషి నుంచి 18వ శతాబ్దపు చివరి దాకా మూడు నాలుగు తరాలు ఒకే పేజీలో దొరుకుతాయి. ఇది బ్రాహ్మణ అగ్రహారాలకే అనుకోకండి. గుడి మాన్యాలు, భట్టవృత్తులతోపాటు మేళగాళ్లు, వడ్లవాళ్లు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి సర్వీసు ఇనాములు కూడా ఉన్నాయి. నకలు అడిగేటప్పుడు గ్రామం, తాలూకా, దొరికితే టి.డి. నంబరు, అంటే టైటిల్ డీడు నంబరు ఇవ్వాలి. ఆ నంబరు ఇప్పటి ఇనాం భూముల కాగితాల మీద చాలావరకు ఉంటుంది. నకళ్లు స్టేట్ ఆర్కైవ్స్ నుంచో, కలెక్టరేటు రికార్డు గది నుంచో వస్తాయి. 1860లలో నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు వైపు ఊరికి జిల్లా నెల్లూరు అనే రాయాలి. ముందు చెప్పిన పదిహేను వరసల కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది.

రైతువారీ ఊళ్లకు, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊళ్లకు, రీసెటిల్‌మెంటు రిజిస్టరు, వాడుకలో ఆర్‌ఎస్‌ఆర్. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. దానికి జోడీగా 10(1) అకౌంటు చూస్తే ఒక పట్టాదారుకున్న నంబర్లన్నీ ఒక్కచోట వస్తాయి. తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో మండల స్థాయికి ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10. ఎ4 పేజీ నకలుకు 2 రూపాయలు. దరఖాస్తులో "మా పూర్వీకుల వివరాలు" అని రాస్తే తిరిగొస్తుంది. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లు, ఆర్‌ఎస్‌ఆర్ ఉతారు (నకలు) అని రాయాలి. ఉన్న రికార్డు నకలు ఇవ్వడమే వాళ్ల బాధ్యత, వెదికి పెట్టడం కాదు.

వెంకటగిరి, దర్శి, పొదిలి వైపు జమీందారీ ఊళ్లలో ఆర్‌ఎస్‌ఆర్ అడిగితే లేదంటారు. అవి వెంకటగిరి ఎస్టేటువి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి తయారుచేసిన సెటిల్‌మెంటు ఫేర్ అడంగల్, ఎస్‌ఎఫ్‌ఏ అని అడగాలి. అందులో రైతుల పేర్లు 1950ల నాటివి. అంతకు వెనక్కు పోవాలంటే దస్తావేజులే దిక్కు.

దస్తావేజులకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సూచికలు ఉంటాయి. మొదటిది పేర్లను బట్టి, రెండోది ఆస్తిని బట్టి. ఇంటిపేరు ఖాయంగా తెలిస్తే మొదటిది, సర్వే నంబరు తెలిస్తే రెండోది. స్థిరాస్తి దస్తావేజులు ఉండే 1వ పుస్తకం, దాని సూచికలు రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలు ఉండే 3వ పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. రాసినవారు బతికుండగా వారికో, వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. వారు పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. పంపకాల దస్తావేజు, అంటే పారీఖత్తు, ఒక్కటి దొరికితే చాలు: అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, చనిపోయిన అన్న కొడుకులు, ఒక్కోసారి విధవరాలైన తల్లికి ఇచ్చిన మనోవర్తి దాకా వస్తాయి. ఇంటి స్థలాలు పాత కాగితాల్లో అంకణాల్లో ఉంటాయి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు అంకణం అందులో సగమే.

జనన మరణాల రిజిస్టర్ల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 1899 నాటి మద్రాసు చట్టం నుంచి ఉన్నా, గ్రామాల్లో రాతకు ఎక్కనివే ఎక్కువ. ఎక్కినా "మగ శిశువు" అని తండ్రి పేరుతో ఆగిపోతుంది. మరణాల పద్దులో మాత్రం వయసు ఉంటుంది. కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయినప్పుడు గ్రామ లెక్కలు ప్రభుత్వానికి అప్పగించారు. కొన్ని నకళ్లు పాత కరణాల ఇళ్లలో మిగిలిపోయాయి. మర్యాదగా వెళ్లి, ఫలానా ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) లెక్క ఉందా అని అడిగితే చూపించేవాళ్లు ఉన్నారు.

భూమి లేని కుటుంబాలకు ఇంతవరకు చెప్పిన కాగితాల్లో దాదాపు ఏదీ పనికిరాదు. ఇది చాలా బాధ కలిగించే సంగతి. ఊరిలో సగం మంది సెన్సస్ అంకెలో మాత్రమే ఉండి, పేరుతో ఎక్కడా ఉండరు. కానీ క్రైస్తవ దళిత కుటుంబాలకు ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840 నుంచి, ఒంగోలులో 1866 నుంచి పనిచేసింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలం నుంచి చర్చిలు ఉంచిన బాప్తిస్మపు, పెళ్లిళ్ల రిజిస్టర్లలో పల్లె పేరు కూడా ఉంటుంది. ముందుగా ఆ సంఘపు పాస్టరుగారితో మాట్లాడి, ఏ పల్లె, దాదాపు ఏ పదేళ్లు అని చెబితే పని జరుగుతుంది. ఎరుకల కుటుంబాలకు కావలి సెటిల్‌మెంటు (నేరస్త తెగలని ముద్ర వేసినవాళ్లను ఉంచిన శిబిరం) కాలపు కాగితాలు ఇంకో దారి. నేరస్త తెగల చట్టం కింద మనుషులను పేర్లతో, వేలిముద్రలతో రిజిస్టరు చేశారు. అన్యాయంగా రాసిన రాతలే అయినా వాటిలో తాతముత్తాతల పేర్లున్నాయి.

దక్షిణాఫ్రికా నాటాలుకి చెరకు తోటల కూలీలుగా పోయినవాళ్ల ఓడ జాబితాలు కూడా చెప్పాలి. 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది వెళ్లారు. ఒక్కొక్కరికి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. నెల్లూరు జిల్లా పేరు వాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. మద్రాసులో గుమస్తా చెవికి వినపడ్డట్టు రాసిన ఊరి పేరును పట్టుకోవడానికి పాత గ్రామాల జాబితాకు మించిన సాధనం లేదు: తాలూకా పేజీ తెరిచి, పేర్లు పైకి చదువుతూ పోతే ఏ ఊరో చెవికే తెలుస్తుంది.

పేర్లు కలిపేటప్పుడు చిక్కులు

ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు. స్టాంపు కాగితం మీది రాజు బొమ్మనో, పక్కనున్న ఫసలీ అంకెనో చూసి తేల్చుకోవాలి.

పాత వయసులు అంకెగా నమ్మకూడదు. 30, 35, 40, 50 అని సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసులే ఎక్కువ ఉంటాయి. జనాభా లెక్కల వయసు పట్టికల్లో కూడా ఈ కుప్పలు కళ్లకు కడతాయి. 1861లో 35 ఏళ్లు అని ఉంటే 1821-1831 మధ్య పుట్టాడని రాసుకోవడం మంచిది.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల నరసయ్య కొడుకు వెంకటసుబ్బయ్య, వెంకటసుబ్బయ్య కొడుకు నరసయ్య అని వంశమంతా రెండే పేర్లు సాగుతాయి. ఒకే తండ్రి, కొడుకుల జంట పేర్లు 60 ఏళ్ల తేడాతో రెండుసార్లు కనిపిస్తే అది తాత ముత్తాతల జంట ఒకటి, మనవల జంట ఒకటి. ఒక్కో కాగితానికీ ఫసలీ రాసి, తరానికి 25 నుంచి 30 ఏళ్లు వేసి వరసలో పెడితే విడిపోతారు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు మునిమనవడు, మనవడు, కొడుకు అని మూడు తరాలు చదువుతారు. తద్దినంలో తండ్రి వైపు మూడు తరాలతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, తల్లి పుట్టింటి వైపు పేర్లు కూడా చెబుతారు. రెవెన్యూ కాగితాల్లో దాదాపు కనిపించని ఆడవాళ్ల పేర్లు దొరికే చోటు ఇదే. పాత తద్దినాల పుస్తకం ఇంట్లో ఉందేమో, పురోహితుల కుటుంబం దగ్గర ఉందేమో ముందుగా అడగండి.

చివరిగా ఇల్లటం. నెల్లూరు వైపు రెడ్లలో, కమ్మవారిలో మగబిడ్డ లేని ఇంట అల్లుణ్ణి తెచ్చుకుని ఆస్తి ఇచ్చే ఆచారం బలంగా ఉండేది. మద్రాసు కోర్టులు కూడా దాన్ని గుర్తించాయి. ఇల్లటపు అల్లుడు తన ఇంటిపేరు వదులుకోడు. దాంతో రిజిస్టరులో ఒక ఫసలీ దాకా ఒక ఇంటిపేరు, తర్వాత ఆ సర్వే నంబర్లే ఇంకో ఇంటిపేరు మీద కనిపిస్తాయి. దాన్ని అమ్మకం అనుకుంటే వంశం అక్కడ తెగిపోతుంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రెండో సూచిక తీసి ఆ సర్వే నంబరు మీద అమ్మకం ఉందో లేదో చూడండి. అమ్మకం లేకుండా పేరు మారితే దత్తతో, ఇల్లటమో, కూతురి వారసత్వమో అయి ఉంటుంది. ఆ మూడింటిలో ఏదో తేలేదాకా వంశవృక్షంలో ఆ గీతను చుక్కలతోనే ఉంచి, పక్కన సర్వే నంబరు, ఫసలీ రాసి పెట్టుకోండి.